ఇంక్విలాబ్ అంటే ఏమిటి?

2013 జులై 3 రాత్రి. కైరోలో సైన్యాధ్యక్షుడు అబ్దుల్ ఫతాహ్ అల్ సీసీ టీవీలో కనిపించి, ప్రజలు ఎన్నుకున్న అధ్యక్షుడు మహమ్మద్ ముర్సీని తొలగించినట్టు ప్రకటించాడు. ఆ రాత్రి మేము డెస్కు మీద ఉన్నాం. ఇంగ్లీషులో వచ్చిన ఏజెన్సీ వార్తను అటు ఉర్దూలోకీ ఇటు తెలుగులోకీ దించాలి. ఎదురుగా టీవీలో అరబ్బీ చానెల్ నడుస్తోంది. దాని అడుగున పరుగెత్తే అక్షరాల్లో ఒక మాట మళ్ళీ మళ్ళీ కనపడుతోంది. ఇంక్విలాబ్. ఉర్దూ లిపి వచ్చినవాడికి ఆ మాట చదవడానికి అరబ్బీ రానక్కరలేదు. పక్కన కూచున్న కుర్ర సబ్ ఎడిటరు "భాయ్, ఇంక్విలాబ్ ఆ గయా!" అని సంబరపడ్డాడు.

అతనిది పొరపాటు. కానీ అందులో అతని తప్పేమీ లేదు. 1921లో హస్రత్ మోహానీ 'ఇంక్విలాబ్ జిందాబాద్' అన్న నినాదం ఇచ్చినప్పటి నుంచీ మన దేశంలో ఆ మాటకు విప్లవం అనే ఒక్క అర్థమే. మన తెలుగు ఊళ్ళలో ఎర్రజెండా పట్టుకున్న ప్రతివాడి నోటా ఆ మాటే. అరబ్బీలో మాత్రం ఇంక్విలాబ్ అంటే సైనిక తిరుగుబాటు, గద్దెను బలంతో లాక్కోవడం. విప్లవాన్ని వాళ్ళు సౌరా అంటారు. జూన్ 30న రోడ్ల మీదికి వచ్చిన జనం, జరిగింది సౌరా అన్నారు. ముర్సీ వాళ్ళు కాదు, ఇంక్విలాబ్ అన్నారు. ఈజిప్టు దేశమంతా ఆ రెండు మాటల మధ్య చీలిపోయింది. మేము హెడ్డింగు ఏం పెట్టాలో తోచక గంటసేపు కూచున్నాం.

మన ఇళ్ళలో వాడే మాటలు నైలు ఒడ్డున ఇలా వేరే అర్థాలతో తిరుగుతుంటాయి. మనకు తహ్రీర్ అంటే రాత, చేవ్రాత. వాళ్ళకు విమోచన. మనకు జమ్హూరియత్ అంటే ప్రజాస్వామ్యం. వాళ్ళకు జమ్హూరియ్యా అంటే రిపబ్లిక్, అంటే రాజు లేకపోతే చాలు, ఎన్నికలు ఉన్నా లేకపోయినా. మనకు అమన్ అంటే శాంతి. పాతబస్తీలో గొడవలైనప్పుడల్లా అమన్ కమిటీలు వేస్తారు. అక్కడ అమ్న్ అంటే భద్రత. అమ్న్ అద్దౌలా అంటే ముబారక్ కాలంలో మనుషుల్ని రాత్రిళ్ళు ఎత్తుకుపోయిన పోలీసు విభాగం. మనకు ఐష్ అంటే జల్సా. వాళ్ళకు ఐష్ అంటే రొట్టె, బతుకు కూడా.

ఇదేదో భాషా చమత్కారం కోసం చెప్పడం లేదు. ఈజిప్టు గురించి మనం మాట్లాడేటప్పుడు ఎప్పుడూ జరుగుతున్నది ఇదే. మాట వాళ్ళది, అర్థం మనది. మన అర్థాన్ని వాళ్ళ మాట మీద రుద్ది, ఆ తర్వాత మనలో మనం తగాదా పడుతున్నాం.

జులై 4 పొద్దున మాకు రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి తెలుగు సాహిత్యంలో పేరున్న సెక్యులర్ మిత్రుడిది. "పోనీలెండి, మీ బ్రదర్‌హుడ్ పీడ విరగడయింది" అన్నాడు. 'మీ' అన్నాడు. మేము ఈజిప్టులో ఓటేయలేదు, ఇఖ్వాన్ సభ్యులం కాము, ఆ పార్టీ రాతల్తో మాకు ఏకీభావం లేదు. అయినా అది 'మాది' అయింది. రెండో ఫోను మా మొహల్లా పెద్దాయనది. "ఇస్లాం మీద కుట్ర జరిగింది బేటా, నీ తెలుగు పేపర్లో అలాగే రాయి" అన్నాడు. ఆయనకు కుట్ర తెలుసు గానీ, ముర్సీ ఏడాది పాలనలో ఏం జరిగిందో తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. ఒకాయన మాకు అంటగట్టాడు, ఇంకొకాయన మా చేత ఒప్పించాలనుకున్నాడు. ఇద్దరిలో ఎవరూ ఈజిప్టు వాళ్ళ సంగతి అడగలేదు.

ఈజిప్టు వాళ్ళ సంగతి వాళ్ళ కళాకారులు చెప్పారు. వాటిలో మూడింటిని పట్టుకుని ఇక్కడ మాట్లాడదలిచాం. జెహాన్ నుజైమ్ తీసిన డాక్యుమెంటరీ 'ద స్క్వేర్' (2013). మహమ్మద్ దియాబ్ సినిమా 'ఇష్తిబాక్' (2016). బస్మా అబ్దుల్ అజీజ్ నవల 'అత్తాబూర్' (2013). సినిమాలు ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళతో చూశాం, నవల ఇంగ్లీషు అనువాదంలో చదివాం. ఈ మూడూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. జనం లేచి ఒక నియంతను దించేశారు. ఆ తర్వాత పాలించే హక్కు ఎవరిది? ఆ హక్కు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఎప్పుడు పోతుంది?

* * *

ముందు జరిగిందేమిటో నాలుగు ముక్కల్లో గుర్తు చేసుకోవాలి. 2010 జూన్‌లో అలెగ్జాండ్రియాలో ఖాలిద్ సయీద్ అనే యువకుణ్ణి పోలీసులు కొట్టి చంపారు. 2011 జనవరి 25న, అది అక్కడ పోలీసు దినోత్సవం, జనం రోడ్ల మీదికి వచ్చారు. రొట్టె, స్వేచ్ఛ, సామాజిక న్యాయం అన్నారు. 18 రోజులు తహ్రీర్ మైదానం వదల్లేదు. 1981 నుంచి గద్దె మీదున్న హోస్నీ ముబారక్ ఫిబ్రవరి 11న దిగిపోయాడు. ప్రభుత్వం వేసిన కమిషన్ లెక్క ప్రకారమే ఆ రోజుల్లో 846 మంది చనిపోయారు. అక్కడి జనం లక్షల్లో కదిలి 'మిల్యూనియ్యా' అన్నారు. ఆ ఏడాది మార్చి 10న మన ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగినప్పుడు తహ్రీర్ పేరు తెలుగు పత్రికల్లో కూడా మారుమోగింది.

ముబారక్ దిగాక అధికారం సైనిక మండలి చేతికి పోయింది. సైన్యమూ జనమూ ఒకే చెయ్యి అని తహ్రీర్‌లో నినాదాలిచ్చినవాళ్ళనే ఆ చెయ్యి కొట్టింది. ఆరేడు నెలల్లో దాదాపు 12 వేల మంది మామూలు పౌరుల్ని సైనిక కోర్టుల్లో నిలబెట్టింది. 2012 జూన్‌లో ఎన్నికయిన పార్లమెంటును కోర్టు రద్దు చేసింది. అదే నెలలో ముర్సీ 51.73 శాతం ఓట్లతో గెలిచాడు. ఓడిన అహ్మద్ షఫీక్ ముబారక్ చివరి ప్రధాని. అతనికి 48.27 శాతం వచ్చాయి. అంటే విప్లవం జరిగిన ఏడాదిన్నరకే కోటి 23 లక్షల మంది పాత పాలన మనిషికి ఓటేశారు. ఆ సంఖ్యను గెలిచినవాళ్ళు చూడలేదు, ఓడినవాళ్ళు మరిచిపోలేదు.

2012 నవంబర్ 22న ముర్సీ తన నిర్ణయాల్ని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని ప్రకటన చేశాడు. డిసెంబర్‌లో రాజ్యాంగం మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఓటర్లలో మూడో వంతు మందే వచ్చారు. వచ్చినవాళ్ళలో 64 శాతం సరేనన్నారు. దాన్ని దేశం మొత్తం సరేనన్నట్టు చూపించారు. జనం మళ్ళీ రోడ్డెక్కారు. తర్వాతిది జులై 3. ఆ తర్వాతది ఆగస్టు 14. రబా అల్ అదవియ్యా కూడలిలో కూచున్న ముర్సీ అభిమానుల మీద సైన్యమూ పోలీసులూ విరుచుకుపడ్డారు. ఒక్క రబాలోనే కనీసం 817 మంది చనిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ లెక్కగట్టింది. ఇదీ నేపథ్యం.

* * *

'ద స్క్వేర్' గొప్పతనం అంతా ఒక స్నేహంలో ఉంది. అహ్మద్ హసన్ మతం పేరు చెప్పని యువకుడు, వీధుల్లో పెరిగినవాడు. మగ్దీ అషూర్ ఇఖ్వాన్ సభ్యుడు, నలుగురు పిల్లల తండ్రి వయసువాడు, ముబారక్ జైళ్ళలో చిత్రహింసలు పడ్డవాడు. తహ్రీర్‌లో ఇద్దరూ ఒకే డేరాలో ఉన్నారు. తర్వాత రాజకీయం వాళ్ళను రెండు మైదానాల్లోకి విసిరేసింది. ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు, మళ్ళీ ఫోను చేసి క్షేమమేనా అని అడుగుతారు. 'ఇఖ్వాన్' అనే ముద్ర వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషికి తన నాయకుల మీద కూడా అనుమానాలున్నాయని చూపించింది నుజైమ్. జులై 4న మాకు ఫోను చేసిన మిత్రుడికి ఈ సినిమా చూపించాలని మాకు చాలాకాలం కోరిక ఉండేది.

ఈ సినిమాకు ఒక చరిత్ర ఉంది. 2013 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో దీని మొదటి రూపం ప్రదర్శించారు, ప్రేక్షకుల బహుమతి వచ్చింది. అంతలో కైరోలో కథ తిరగబడింది. బహుమతి తీసుకున్న సినిమాను పక్కన పెట్టి వాళ్ళు మళ్ళీ కెమెరాలు పట్టుకుని వీధుల్లోకి పోయారు. ఇది నిజాయితీ. పూర్తయిన కథను చరిత్ర తప్పని చెబితే, ఆ కథను పట్టుకుని వేలాడలేదు.

లోపం ఎక్కడుందంటే, ఆ కెమెరా మైదానం దాటి పోదు. పేరే 'మైదానం' కదా అనవచ్చు. కానీ పాలించే హక్కు గురించి ప్రశ్న వేసినప్పుడు, మైదానానికి రానివాళ్ళ గురించి అడగక తప్పదు. ముర్సీకి ఓటేసిన కోటి 32 లక్షల మందిలో, షఫీక్‌కు ఓటేసిన కోటి 23 లక్షల మందిలో, ఎంతమంది తహ్రీర్ మొహం చూశారు? ఎగువ ఈజిప్టు పల్లెల్లో గోధుమ రైతు ఏమనుకున్నాడు? పొద్దున్నే రొట్టెల షాపు ముందు నిలబడ్డ ఆడమనిషి ఏమనుకుంది? ఇవేవీ లేవు. మైదానంలో ఉన్నవాళ్ళే ప్రజలు అన్న భావన ఆ సినిమాలో మొదటినుంచీ ఉంది. మైదానంలో ఉన్నవాళ్ళు గనకే తామే ప్రజలమని, 2013 జూన్ 30న అదే వాదన చేశారు. ఆ వాదనను భుజానికెత్తుకుని సైన్యం వచ్చింది. రబా కూడా ఒక మైదానమే. అక్కడ కూచున్నవాళ్ళూ ప్రజలే. ఆ మైదానానికి ఈ సినిమాలో దొరికిన చోటు తక్కువ.

* * *

'ఇష్తిబాక్' అంటే ఘర్షణ. మొత్తం సినిమా ఒక పోలీసు వ్యాను లోపలే. దాదాపు ఎనిమిది చదరపు మీటర్ల చోటు. ముర్సీని దించిన తర్వాత రోజులు, ఎండాకాలం. ముందు ఇద్దరు జర్నలిస్టుల్ని అందులోకి తోస్తారు. తర్వాత సైన్యాన్ని సమర్థిస్తూ ఊరేగుతున్నవాళ్ళను, ఆ పైన ఇఖ్వాన్ వాళ్ళను. నర్సు ఉంది, ఆమె భర్త, కొడుకు ఉన్నారు. తండ్రితో వచ్చిన హిజాబ్ పిల్ల ఉంది. తాళం బయట ఉంది. కెమెరా ఒక్కసారి కూడా బయటికి పోదు. ఊచల సందుల్లోంచి మాత్రమే మనం కైరోను చూస్తాం.

ఈ సినిమాలో మాకు బాగా నచ్చింది అల్పమైన విషయాలు. నీళ్ళు. ఉక్కపోత. ఒంటికి పోవాలంటే ఏం చెయ్యాలి అన్న అవస్థ. ఆ అవస్థ ముందు రెండు జెండాలూ దిగిపోతాయి. ఒకచోట ఇఖ్వాన్ వాళ్ళు వ్యానులోనే లెక్క తీస్తారు. ఎవరు అసలు సభ్యులు, ఎవరు ఊరికే సానుభూతిపరులు అని వేరు చేస్తారు. నవ్వొస్తుంది. ఊపిరాడని చోట కూడా సభ్యత్వం, హోదా! ఈ పని మన దగ్గర జమాతుల్లో, సంఘాల్లో, విప్లవ పార్టీల్లో, ఆమాటకొస్తే రచయితల సంఘాల్లో కూడా చూశాం.

అయితే దియాబ్‌తో మాకు ఒక పేచీ ఉంది. వ్యానులో ఉన్నవాళ్ళంతా సమానంగా మనుషులు, సమానంగా మూర్ఖులు, సమానంగా బాధితులు. బయట ఉన్న పోలీసు కూడా పాపం మనిషే. త్రాసు ఎక్కడా మొగ్గదు. ఈ సమానత్వం చూడ్డానికి బాగుంటుంది, కానీ నిజం ఇలా లేదు. 2013 ఆగస్టు 18న అబూ జాబల్ జైలు ఆవరణలో ఇలాంటి వ్యానులోనే 37 మంది ఖైదీలు చనిపోయారు. లోపల కుక్కి, ఎండలో గంటల తరబడి నిలిపి, చివరికి బాష్పవాయువు కొట్టారు. ఆ వ్యానులో రెండు పక్షాలు లేవు. రబా దాడి తర్వాతి పట్టివేతల్లో దొరికినవాళ్ళున్నారు. దియాబ్ ఆ వ్యానును తీసుకుని అందులో అన్ని రకాల వాళ్ళనూ ఎక్కించాడు. కళాకారుడికి ఆ స్వేచ్ఛ ఉంది. కానీ అలా ఎక్కించగానే 'తాళం ఎవరి దగ్గరుంది' అన్న ప్రశ్న చిన్నదయిపోయి, 'లోపలివాళ్ళు ఎందుకు కలిసుండలేరు' అన్న ప్రశ్న పెద్దదయింది.

మాకు ఇది బాగా తెలిసిన వరస. మన ఊళ్ళో గొడవలైన తర్వాత వేసే అమన్ కమిటీ కూడా ఇంతే. ఇటు నలుగురు, అటు నలుగురు, మధ్యలో ఇన్‌స్పెక్టరు. ఇరువర్గాలూ సంయమనం పాటించాలి అంటారు. ఎవరి ఇల్లు తగలబడింది, ఎవరు తగలబెట్టారు, పోలీసులు అప్పుడెక్కడున్నారు అన్నవి ఆ బల్ల మీదికి రావు. టీ తాగి ఫొటో దిగి లేస్తారు. సమానంగా చూడటం వేరు, సమానం చేసి చూపించడం వేరు.

ఇంత చేసినా పాలకులకు తృప్తి లేదు. సినిమా మొదట్లో ఇఖ్వానే రక్తపాతానికి కారణమని చెప్పే ప్రకటన ఒకటి సెన్సారు పెట్టించిందని దియాబే చెప్పుకున్నాడు. మధ్యస్థంగా నిలబడ్డవాడిని కూడా తమ వైపుకి జరిపితే తప్ప అధికారానికి నిద్ర పట్టదు.

ముగింపు మాత్రం మరిచిపోలేం. వ్యాను గుంపులోకి దూసుకుపోతుంది. చీకటి, ఆకుపచ్చ లేజరు కాంతులు, కేకలు. ఆ గుంపు ఎవరిది? ముర్సీ వాళ్ళా, సైన్యం వైపు వాళ్ళా? లోపలివాళ్ళకు తెలియదు, మనకూ తెలియదు. గుంపు చేతికి చిక్కినవాడికి ఆ తేడా అక్కర్లేదు కూడా. ఇక్కడ దియాబ్ త్రాసు పక్కన పెట్టాడు, నిజం పట్టుకున్నాడు.

* * *

బస్మా అబ్దుల్ అజీజ్ మనస్తత్వ వైద్యురాలు. చిత్రహింసలకు గురయినవాళ్ళతో పనిచేసింది. ఆమె నవల పేరు 'అత్తాబూర్', అంటే క్యూ. పేరు చెప్పని దేశం. అక్కడ ఒక తిరుగుబాటు జరిగి విఫలమైంది. పాలకులు దాన్ని 'సిగ్గుమాలిన సంఘటనలు' అంటారు. ఇప్పుడు దేశాన్ని ఏలుతున్నది ఒక ద్వారం. ప్రతిదానికీ ద్వారం అనుమతి కావాలి. ద్వారం తెరుచుకోదు. దాని ముందు క్యూ రోజురోజుకీ పొడుగవుతుంది. యహ్యా అనే మనిషి ఒంట్లో తుపాకి గుండు ఉంది. దాన్ని తీయాలంటే అనుమతి కావాలి. కానీ ఆ రోజు కాల్పులే జరగలేదని ద్వారం అంటోంది. జరగని కాల్పుల గుండు తీయడానికి అనుమతి ఎలా ఇస్తారు? డాక్టరు తారీఖ్ బీరువాలో ఫైలు పెట్టుకుని, ఆపరేషన్ చెయ్యాలా వద్దా అని రోజులు గడుపుతాడు. నవలలో ఒక్కో భాగం ఆ ఫైలులోని ఒక కాగితంతో మొదలవుతుంది.

మూడింటిలో ఇది మేలైన రచన అని మా అభిప్రాయం. పాలించే హక్కు ఎలా పోతుంది అన్న ప్రశ్నను ఆమె తిరగేసింది. ఆ హక్కు పోయిన తర్వాత కూడా పాలన ఎలా నిలబడుతుంది? దీనికి ఆమె చూపించిన జవాబు క్యూ. ఎవరికీ ద్వారం మీద నమ్మకం లేదు. అయినా వరసలో నిలబడతారు. వరసలో టీ కొట్లు వెలుస్తాయి, వ్యాపారాలు మొదలవుతాయి, స్నేహాలు, తగాదాలు, ఫత్వాలు. ప్రధాన షేకు ద్వారానికి అనుకూలంగా ఫత్వా ఇస్తాడు. టెలిఫోను కంపెనీ ఉచితంగా ఫోన్లు పంచి మాటలన్నీ వింటుంది. క్యూలో చోటు కాపాడుకోవడమే బతుకయిపోతుంది. నమ్మకం లేకపోయినా నిలబడ్డ ప్రతి మనిషీ ఆ ద్వారానికి ఒక ఇటుక. సైన్యం తుపాకి కన్నా ఈ అలవాటు బలమయినదని ఆమె ఎక్కడా ఉపన్యాసం చెప్పకుండానే చెప్పింది.

ఆ నవలలో ద్వారం అడిగే కాగితాల్లో ఒకటి 'నిజమైన పౌరుడు' అనే ధృవీకరణ పత్రం. మేము ఈ నవల మొదట చదివినప్పుడు ఇదొక వ్యంగ్యం అనుకున్నాం. 2019 డిసెంబర్‌లో మన పార్లమెంటు పౌరసత్వ సవరణ చట్టం చేశాక మళ్ళీ తీసి చదివాం. అప్పుడు నవ్వు రాలేదు. ఆ చలికాలంలో మా బస్తీల్లో జనం పుట్టిన పత్రాల కోసం వరసల్లో నిలబడ్డారు. మా అబ్బా పేరు రేషన్ కార్డులో ఒక రకంగా, ఓటరు కార్డులో ఇంకో రకంగా, స్కూలు సర్టిఫికెట్లో మూడో రకంగా ఉంది. మూడు పేర్లలో ఏ పేరు ఈ దేశంలో పుట్టిందో తేల్చమని ఎవరైనా అడుగుతారేమోనని అమ్మీ ఆ మూడింటినీ ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచింది. 2020 జనవరి 4న హైదరాబాదు ధర్నా చౌక్‌కు జనం పోటెత్తారు. దానికీ మిలియన్ మార్చ్ అనే పేరు. ఆ రోజు ఊరేగింపులో ఉన్న మా జేబులో కూడా ఆధార్ కార్డు జిరాక్సు ఉంది. ద్వారం మీద కోపమూ ఉంది, కాగితమూ ఉంది. బస్మా రాసింది ఈ రెండూ కలిసి ఉండే మనిషి గురించి.

* * *

మూడు రచనల్నీ చదివి, చూసి పక్కన పెట్టాక మాకు ఒక వెలితి మిగిలింది. మూడింటిలోనూ కాప్టులు అంచున ఉన్నారు. ఈజిప్టు జనాభాలో దాదాపు పదో వంతు ఉంటారని సాధారణంగా అంచనా వేసే క్రైస్తవులు. తహ్రీర్‌లో ముస్లింలు నమాజు చదువుతుంటే చుట్టూ చేతులు పట్టుకుని గొలుసు కట్టి నిలబడినవాళ్ళు. 2011 అక్టోబర్ 9న మాస్పెరోలో, ప్రభుత్వ టీవీ భవనం ముందు, చర్చి మీద దాడికి నిరసనగా ఊరేగింపు తీస్తే వాళ్ళ మీద సైనిక వాహనాలు ఎక్కాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. అదే సమయంలో ఆ భవనం లోపలినుంచి ప్రభుత్వ టీవీ, సైన్యాన్ని కాపాడటానికి గౌరవనీయులైన పౌరులు బయటికి రావాలని పిలుపునిచ్చింది. 'గౌరవనీయులైన పౌరులు' ఎవరో, ఎవరు కారో అందరికీ అర్థమయింది. మా దృష్టిలో తిరుగుబాటు ఓడిపోయిన రోజు 2013 జులై 3 కాదు, 2011 అక్టోబర్ 9. ఆ రోజు తహ్రీర్ మొత్తం మాస్పెరోకు కదిలి ఉంటే, ఆ పైన సైన్యానికి అంత ధైర్యం వచ్చేది కాదు.

ఇక్కడ మేము మా వాళ్ళతో ఒక మాట చెప్పాలి. ఈజిప్టు చూసినప్పుడు మనం మనల్ని ముర్సీలో చూసుకున్నాం, పేరు కలిసింది గనక, కలిమా కలిసింది గనక. అది పొరపాటు. అక్కడ ముస్లింలు మెజారిటీ. మనం ఇక్కడ మైనారిటీ. ఈ దేశంలో మన స్థానం ఈజిప్టులో కాప్టుల స్థానం. 51.73 శాతం వచ్చింది గనక దేశం మొత్తం మాదే అన్నవాడి మాట ఇక్కడ వినపడితే మనకు ఎలా ఉంటుందో మనకు తెలుసు. మూడో వంతు మంది ఓటేసిన రాజ్యాంగాన్ని అందరి రాజ్యాంగం అంటే ఎలా ఉంటుందో కాప్టులకు తెలిసింది. సంఖ్య వేరు, హక్కు వేరు. ఓట్లు గద్దె ఎక్కిస్తాయి. ఎక్కినవాడు తనకు ఓటేయనివాడిని ఎలా చూస్తాడన్న దాని మీద ఆ గద్దెకున్న హక్కు నిలబడుతుంది. ముర్సీ జులై 2న చేసిన చివరి ప్రసంగంలో పదే పదే వల్లించిన మాట షరయియ్యా, అంటే చట్టసమ్మతమైన పాలనాధికారం. ఆ మాట ఆయన చెప్పింది నిజమే, ఓట్లు ఆయనవే. కానీ కోర్టుల నోరు మూయించిన రోజే ఆ మాటలో సగం బలం పోయింది. ఇక్కడ ఒక నీతి, అక్కడ ఒక నీతి మనకు కుదరదు. మెజారిటీవాదం ఏ కిబ్లా వైపు తిరిగి మొక్కినా మెజారిటీవాదమే.

సెక్యులర్ మిత్రులతో ఇంకో మాట. సెక్యులర్ ట్యాంకు అనేది ప్రపంచంలో ఎక్కడా లేదు. జులై 3న సీసీ పక్కన అజహర్ పెద్ద షేకు కూచున్నాడు, కాప్టు పోపు తవద్రోస్ కూచున్నాడు, ఉదారవాది ఎల్‌బరాదీ కూచున్నాడు, సలఫీల నూర్ పార్టీ మనిషీ ఉన్నాడు. అదొక సర్వమత ఫొటో. ఆరు వారాలకు రబా. ఎల్‌బరాదీ ఆ రోజే రాజీనామా చేసి వెళ్ళిపోయాడు. నవంబర్‌లో ప్రదర్శనల మీద చట్టం వచ్చింది, తహ్రీర్ పిల్లలు కూడా జైలుకు పోయారు. 2014లో సీసీకి 96.9 శాతం ఓట్లు వచ్చాయి, 2018లో 97. పాలకుడికి ఓట్లు ఎంత పెరుగుతాయో పాలించే హక్కు అంత తరుగుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఇఖ్వాన్ నచ్చకపోవడం మీ హక్కు, మాకూ నచ్చలేదు. కానీ 817 శవాల మీద ఊపిరి పీల్చుకోవడం సెక్యులరిజం కాదు.

మరి బలవంతుడి పంచన చేరిన కాప్టులకు ఏం దక్కింది? రబా జరిగిన రోజుల్లోనే ఆ కోపం చర్చిల మీదికి మళ్ళి డజన్ల కొద్దీ చర్చిలు తగలబడ్డాయి. పిలిస్తే పలకాల్సిన పోలీసులు చాలాచోట్ల రాలేదు. 2017 ఏప్రిల్ 9న, మట్టల ఆదివారం నాడు, తంతాలో, అలెగ్జాండ్రియాలో చర్చిల్లో బాంబులు పేలి నలభై మందికి పైగా పోయారు. దానికి సైన్యం కారణమని మేము అనడం లేదు, అది ఐసిస్ పని. కానీ రక్షణ పేరుతో గొంతు తాకట్టు పెట్టినవాడికి రక్షణా దక్కలేదు, గొంతూ మిగల్లేదు. మన నాయకులు ప్రతి ఎన్నికల్లో ఎవరో ఒక బలవంతుడి వేదిక ఎక్కి, మా కౌమ్ తరఫున హామీ ఇస్తున్నాం అన్నప్పుడల్లా మాకు ఆ జులై 3 ఫొటోలో పోపు మొహం గుర్తుకొస్తుంది.

* * *

ముర్సీ 2019 జూన్ 17న కోర్టు బోనులో కుప్పకూలి చనిపోయాడు. ముబారక్ 2020 ఫిబ్రవరిలో చనిపోతే సైనిక లాంఛనాలతో సాగనంపారు. ఎవరి అంత్యక్రియలు ఎలా జరిగాయన్నదే ఆ తిరుగుబాటు మీద పాలకులు రాసిన సమీక్ష.

తహ్రీర్ అడిగిన మూడింటిలో మొదటిది ఐష్. 1977 జనవరిలో సాదాత్ సబ్సిడీలు కోస్తే రెండు రోజులు దేశం భగ్గుమంది, ఆయన వెనక్కి తగ్గాడు. ఆ భయంతోనే ముప్ఫై ఏళ్ళకు పైగా ఏ పాలకుడూ సబ్సిడీ రొట్టె ధర ముట్టుకోలేదు. 2024 జూన్ 1 నుంచి ఆ రొట్టె ధర 5 పియాస్టర్ల నుంచి 20 పియాస్టర్లకు పెంచారు. నాలుగింతలు. ఈసారి జనం రోడ్డెక్కలేదు. కొందరు దీన్ని స్థిరత్వం అంటారు. మాకు మాత్రం బస్మా నవలలో క్యూ కనపడింది. కోపం పోయి కాదు, చోటు పోతుందని నిలబడ్డవాళ్ళ క్యూ.

ఆ రాత్రి డెస్కు మీద చివరికి మేము హెడ్డింగులో ఇంక్విలాబ్ అనే మాట వాడలేదు. ఉర్దూలో 'ఫౌజ్ నే తఖ్తా ఉలట్ దియా' అని, తెలుగులో 'సైన్యం చేతికి ఈజిప్టు' అని పెట్టాం. పెద్దాయనకు కోపం రాలేదు, మిత్రుడికి వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత ఈ మూడు రచనలూ చూశాక ఆ హెడ్డింగు మార్చాలని మాకు అనిపించడం లేదు. కాకపోతే దాని కింద ఇంకో లైను ఉండాల్సింది. ఆ రాత్రి కాప్టు బస్తీలో తలుపు వేసుకుని కూచున్నవాడూ, రబాలో డేరా వేసుకుని కూచున్నవాడూ ఏమనుకుంటున్నారో ఆ లైనులో రాయాల్సింది. అది అప్పుడు మాకు తోచలేదు. ఇంక్విలాబ్ అనే మాటను మనం మన అర్థంలోనే వాడదలుచుకుంటే, వాళ్ళిద్దరినీ ఒకే వాక్యంలో రాయడం నేర్చుకోవాలి.